మూడు చిలక్కొయ్యలు

సైకిల్ దుకాణం, మలుపు దగ్గర
జూన్ 9

స్కేలుబద్ద అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది గాని మామూలుగా అందలేదు. కవరు నిండా బురద. ఒక మూల చిరిగింది, లోపల నీ ముత్యాల్లాంటి రాత సగం అలుక్కుపోయింది. మోకాలి నొప్పి అని రాశావని తెలిసింది, ఏ మోకాలో మాత్రం తెలియలేదు. ఈసారి రాసేటప్పుడు కాలి పేరు రెండుసార్లు రాయి.

సంగతేమిటంటే మన పోస్టుమాన్ మలుపులో పడ్డాడు. మంగళవారం పొద్దున సన్నగా జల్లు పడుతోంది. నేను లోపల ఒక చక్రానికి బెండు తీస్తున్నాను. బ్రేకు చప్పుడు వినపడింది. ఈ రోడ్డు పడ్డప్పటి నుంచీ నాకొక అలవాటు ఉంది, నీకెప్పుడూ చెప్పలేదు. బ్రేకు చప్పుడు వినగానే మనసులో మూడు దాకా లెక్కపెడతాను. ఆలోగా ఇంకో చప్పుడు రాకపోతే వెళ్లే మనిషి గట్టెక్కినట్టు. ఈసారి రెండు దగ్గరే వచ్చింది.

స్పానరు పడేసి పరుగెత్తాను. స్కూటరు అవతల కాలవలో ఉంది, అతను గట్టు మీద ఉన్నాడు, ఉత్తరాలు రోడ్డు నిండా ఉన్నాయి. కుడికాలి వైపు చూడలేకపోయాను. టీకొట్టు ఆవిడా నేనూ పట్టుకొచ్చి నాన్న బల్ల మీద పడుకోబెట్టాం. అంత నొప్పిలోనూ అతను, "అక్కా, అందులో రిజిస్టరుది ఒకటుంది, దాన్ని తడవనివ్వకండి" అంటాడు. ఆస్పత్రికి పంపించాక ఉత్తరాలన్నీ ఏరి, ట్యూబులు ఆరేసే తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేశాం. ఊళ్లో వాళ్ల మంచిచెడ్డలన్నీ సాయంత్రం దాకా మన వసారాలో వేలాడాయి. నీది తప్ప ఒక్కటీ చదవలేదు.

పోలీసులు వచ్చి "అతివేగం" అని రాసుకుపోయారు. అతని ఆఫీసు వాళ్లు ఆ మాటే పట్టుకుని ఆగస్టు ఇరవైన విచారణ పెట్టారు. తప్పు అతనిదేనని తేలితే ఉద్యోగం ఊడుతుంది. అతనిది అతివేగమట. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, నడిచిపోయేవాళ్లు కూడా అతన్ని దాటి వెళ్తారు.

నిన్న రోడ్ల ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. మూడు కాళ్ల స్టాండు పెట్టి మధ్యాహ్నం దాకా ఎండలో కొలిచి, మంచినీళ్ల కోసం లోపలికొచ్చి నాన్న స్టూలు మీద కూర్చుంది. "పిన్నిగారూ, ఈ మలుపు మొదట్లో నెమ్మదిగా తిరుగుతుంది. మీ దుకాణం ముందుకొచ్చేసరికి ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. బండి నడిపేవాళ్లు మొదట చూసిందాన్ని నమ్మి వచ్చేస్తారు. పైగా మీ గోడ అడ్డం, ముందేముందో కనపడదు. ఇంత విచిత్రంగా ఎవరు గీశారో" అంది. నేను ఇంకో గ్లాసు నీళ్లు పోశాను.

నువ్వు ఆ రోజుల్లో ఆ ఆఫీసులోనే బొమ్మలు గీసేవాడివి కదా. ఆ అమ్మాయికి చెప్పనా?

నీ పిడుగు

మరిచాను. ఈసారి వస్తే ఒక స్టాపు ముందు దిగి నడిచి రాకు. బస్సు మన దుకాణం దాటగానే ఆగుతుంది, నలభై ఏళ్లుగా ఆగుతూనే ఉంది. తిన్నది అరగడానికి నడుస్తానంటావు. చివరికి అరిగింది మోకాలు.

*

మూడో అంతస్తు, వెనక వాటా
జూన్ 17

పిడుగుకి,

ఎడమ మోకాలు. ఎడమది.

పోస్టుమాన్ సంగతి చదివి మీ వదినకి కూడా వినిపించాను. ఆ పొడుగు మనిషి ఉత్తరం ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇస్తాడు, నాకు బాగా గుర్తు. త్వరగా కోలుకోవాలి.

నువ్వు తీగ మాట రాయగానే ఆ వసారా అంతా కళ్లముందుకొచ్చింది. రబ్బరు జిగురు వాసన. పంక్చరు చూసే నీళ్ల బేసిను. అందులో బుడగ లేవగానే నాన్న "దొరికాడు" అనడం. చక్రాన్ని తిప్పి వదిలి పక్కన సుద్దముక్క పట్టుకునేవాడు. సుద్ద ఎక్కడ అంటుకుంటే అక్కడ వంకర. అక్కడి చువ్వ పావు తిప్పు బిగించి మళ్లీ తిప్పేవాడు. నాకా పని ఎంత కొట్టుకున్నా రాలేదు. నీకు ఏడేళ్లకే వచ్చేసింది. సుద్ద కూడా అక్కర్లేకుండా "అక్కడ నాన్నా" అని వేలు పెట్టి చూపించేదానివి. నేనేమో చక్రాన్ని పాత కాగితాల మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసుకునేవాణ్ణి. "వీడు గుండ్రం గీస్తాడు, ఇది గుండ్రం చూస్తుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అమ్మ లేని ఇంట్లో ఆ ఒక్క మాట మనిద్దరికీ అన్నం కంటే ఎక్కువగా ఉండేది.

మలుపు సంగతి. మలుపన్నాక నెమ్మదిగా పోవాలి. ఆ అమ్మాయిని ఒక పెద్ద బోర్డు పెట్టించమను. అంచున తెల్లగీత, రాత్రి మెరిసే బిళ్లలు వేయిస్తే చాలావరకు సర్దుకుంటుంది. నేను ఆ ఆఫీసులో పనిచేసిన మాట చెప్పకపోవడమే మంచిది. నలభై ఏళ్ల కిందటి కాగితాలు ఈపాటికి చెదలు తినేసి ఉంటాయి. చెప్పి లాభమేమిటి? ఊరికే నిన్ను తిప్పుతారు.

నడక నా సొంత వ్యవహారం. దాని జోలికి రాకు.

అన్నయ్య

*

సైకిల్ దుకాణం
జులై 2

అన్నయ్యకి,

చెదలు తినలేదు. ఆ అమ్మాయి నిన్న చుట్టచుట్టిన కాగితం ఒకటి చంకలో పెట్టుకుని వచ్చింది. నాన్న బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు పెడళ్లు బరువు పెట్టింది. నీలం కాగితం, తెల్ల గీతలు. రోడ్డు తిన్నగా వస్తూ వస్తూ ఒకచోట పక్కకి తప్పుకుంటుంది. అక్కడ ఒక చిన్న గడి. ఆ గడి మన ఇల్లు. పక్కన సన్నగా "నేల మెత్తన" అని రాసి ఉంది.

"ఇదేనండి నాకు అర్థం కానిది" అంది ఆ అమ్మాయి. "ఇక్కడ మూడు చోట్ల తవ్వి చూశాం. గడ్డపార వంగిపోయింది. ఇంత గట్టి నేలని మెత్తన అని ఎవరు రాశారో, ఎందుకు రాశారో."

అన్నయ్యా, నా పదో తరగతి పుస్తకాలన్నిటి మీదా నా పేరు రాసిపెట్టింది నువ్వు. ఆ చెయ్యి ఎవరిదో నాకు ఒకరు చెప్పాలా?

ఆ అమ్మాయితో ఏమీ అనలేదు. పాపం ఆమె ఇంకో తికమకలో కూడా ఉంది. కాగితం మీది మలుపు ఒకటి, నేల మీది మలుపు ఒకటి అట. మన దుకాణం ఎదురుగా రోడ్డు కాగితం కంటే అయిదడుగులు కాలవ వైపు జరిగి ఉందట. అది ఎలా జరిగిందో అంతు పట్టలేదంది. నాకేం తెలుసు అన్నాను.

తన ముందు రెండు దారులున్నాయని చెప్పింది. ఒకటి నువ్వు రాసిందే. బోర్డు, తెల్లగీత, బిళ్లలు. అప్పుడు ఫైలు మీద "అతివేగం" అనే మాట అలాగే ఉంటుంది. రెండోది, రోడ్డే తప్పుగా పడిందని రుజువు చూపించడం. చూపిస్తే మొదట అనుకున్నట్టు తిన్నగా వేయిస్తారు. ఆ తిన్నటి గీత మన దుకాణం మధ్యలోంచి పోతుంది. వేలితో గీసి చూపించింది. నాన్న బల్ల మీద, నాన్న బల్ల ఉన్నచోటు మీదుగానే వెళ్లింది వేలు.

మొన్న పోస్టుమాన్‌ని చూసి వచ్చాను. కాలు తొడ దాకా కట్టులో ఉంది. "నేను నెమ్మదిగానే వచ్చానక్కా. రోజూ వచ్చే దారే. ఆ రోజెందుకో రోడ్డు నా కింద నుంచి తప్పుకుంది" అన్నాడు. అతని భార్య తలుపు దగ్గర నిలబడి నా మొహంలోకి చూస్తోంది. నేను తల దించుకున్నాను.

నువ్వు ఉద్యోగంలో చేరిన కొత్తలో నాన్నకి ఏం చెప్పేవాడివో గుర్తుందా? మంచి రోడ్డుకి బోర్డు అక్కర్లేదు నాన్నా, ఎంత వేగంగా రావాలో రోడ్డే చెప్పాలి, అబద్ధం చెప్పే రోడ్డు మనుషుల్ని పడేస్తుంది అని. నాన్న ఆ మాట నెల రోజులు అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఇప్పుడు బోర్డు పెట్టమంటున్నావు.

పిడుగు

*

వెనక వాటా
జులై 12

పిడుగుకి,

ఆ రెండు మాటలూ రాసింది నేనే.

ఉద్యోగంలో రెండో సంవత్సరం. మా పెద్దాయన సర్వే కాగితం ఇచ్చి, ఈ చివరినీ ఆ చివరినీ తిన్నగా కలిపి గీయమన్నాడు. పొడుగాటి స్కేలు పెట్టాను. దాని అంచు కింద ఒక చిన్న గడి, అందులో "సైకిల్ దుకాణం, పెంకులు" అని ఎవరో సర్వేవాడు రాసిపెట్టాడు. చెయ్యి ఆగిపోయింది. ఆ గడిలో నాన్న ఉన్నాడు. నువ్వు ఉన్నావు. గోడ మీద మన ఎత్తులు కొలిచి గీసుకున్న గీతలు ఉన్నాయి. నేను స్కేలు తీసేసి వంపు బద్ద పెట్టాను.

గదులు మిగిలి వసారా ఒక్కటీ పోయేట్టు వంచాను. పూర్తిగా తప్పిస్తే మలుపు మరీ బిగుస్తుంది, అది నేను చెయ్యలేను. పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి "ఇక్కడెందుకు వంచావు?" అన్నాడు. "నేల మెత్తనండీ" అన్నాను. ఆఫీసులో నేనెప్పుడూ అబద్ధమాడి ఎరగను కాబట్టి ఇంకో మాట అడక్కుండా సంతకం పెట్టాడు. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అయితే ఒకటి నమ్ము. నా కాగితం మీది మలుపు చెడ్డది కాదు. మూడు వందల అడుగుల వ్యాసార్ధం ఇచ్చాను. గంటకి నలభై కిలోమీటర్ల మీద వచ్చినా, వానలోనైనా, మనిషి నిలబడతాడు. మూడుసార్లు లెక్క చూశాను. గోడ అడ్డానికి కూడా చోటు వదిలాను.

రోడ్డు పడ్డాక మొదటిసారి సెలవు మీద వచ్చిన రోజు చెబుతాను. బస్సులో కిటికీ దగ్గర కూర్చున్నాను, నా రోడ్డు మీద నేను వస్తున్నానని గర్వంగా. మలుపు మొదలైంది, బాగుంది. మన దుకాణం దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న పెద్దావిడ నా మీదికి వచ్చి పడింది. ఎవరిదో స్టీలు డబ్బా బస్సు ఈ చివరి నుంచి ఆ చివరికి దొర్లింది. దిగి చూస్తే వసారా చెక్కుచెదరకుండా అలాగే ఉంది. నాన్న అందులో కూర్చుని నవ్వుతున్నాడు. ఇదెలా మిగిలిందని ఆయన్ని అడగలేదు. మా ఆఫీసులోనూ అడగలేదు. మిగిలిందని సంతోషించాను. కట్టిన మేస్త్రీ ఎక్కడో పొరపాటు చేశాడనుకున్నాను. అప్పటి నుంచీ ఆ మేస్త్రీని తిట్టుకుంటూనే ఉన్నాను, ముందు స్టాపులో దిగి నడుస్తూనే ఉన్నాను. ఆ మలుపులో బస్సులో కూర్చోవడం నా వల్ల కాదు.

పాలవ్యాను నడిపే అతను ఆ మలుపులోనే పడి పోయినప్పుడు నువ్వు రాసిన ఉత్తరం నా పెట్టెలో ఉంది. పదకొండేళ్లుగా దాన్ని రెండోసారి విప్పలేదు.

ఆ అమ్మాయికి అంతా రాసి పంపుతాను. కానీ నేను రాస్తే పోయేది నా ఇల్లు కాదు, నీ దుకాణం. నువ్వు పుట్టి పెరిగి, పెళ్లి కూడా వద్దనుకుని నిలబెట్టిన దుకాణం. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఏం చెయ్యమంటావు?

అన్నయ్య

*

సైకిల్ దుకాణం
ఆగస్టు 3

అన్నయ్యకి,

మూడు వారాలు జవాబు రాయలేదని కంగారు పడి ఉంటావు. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చించేశాను. ఇది అయిదోది, దీన్ని చించను.

ఆ మేస్త్రీని ఇక తిట్టకు. ఆయన తప్పేమీ లేదు.

మన దుకాణంలో లోపలి గోడకి మూడు చిలక్కొయ్యలున్నాయి కదా, తలకాయల మీద ఎర్రరంగు వెలిసిపోయి ఉంటుంది. నువ్వు వచ్చిన ప్రతిసారీ చొక్కా విప్పి మధ్యదానికే తగిలిస్తావు. అవి చిలక్కొయ్యలు కావు. మీ ఆఫీసు వాళ్లు రోడ్డు కోసం పాతిన గూటాలు. తుడిచి చూస్తే రంగు కింద నంబర్లు కనపడతాయి. పద్నాలుగు, పదిహేను, పదహారు.

నాకు అప్పుడు పందొమ్మిదేళ్లు. గొలుసులు పట్టుకుని కొలిచేవాళ్లు వచ్చి వరసగా గూటాలు పాతుకుంటూ పోయారు. మూడు మన వసారా ముందరే పడ్డాయి. వసారా పోతుంది, గదులు మిగులుతాయి అని చెప్పారు. నాన్న సరేనన్నాడు. అని, బల్ల దగ్గరికెళ్లి ఊరికే దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. పని ఏమీ చెయ్యలేదు. నాన్న చేతులు ఖాళీగా ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. నీకు తెలియదు అన్నయ్యా, నువ్వు ఆ మొహం చూడలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ వాళ్లు మన నీళ్లే తాగి కాలవ గట్టున నీడలో పడుకున్నారు. నాన్న ఏదో టైరు కోసం బజారుకెళ్లాడు. నేను నాన్న సుత్తి తీసుకుని మధ్య గూటం పీకి, అయిదడుగులు అవతలికి పాతాను. దూరంగా నిలబడి చూస్తే వంకరగా కనపడింది. అందుకని పక్కవి రెండూ కూడా పీకి, కాస్త కాస్త జరిపి, గుండ్రంగా వచ్చేదాకా సరిచేశాను. చక్రానికి బెండు తీసినట్టే. పావుగంట పట్టింది. వాళ్లు లేచి చూశారు, ఎవరికీ అనుమానం రాలేదు. మర్నాడు వాటి వెంటే సున్నం గీత పోశారు. రోడ్డు పడ్డాక ఆ మూడింటినీ తెచ్చి గోడకి కొట్టాను. నాన్నతో పాత గుంజలు దొరికాయని చెప్పాను.

ఇంత గుండ్రంగా చూసే కన్ను లేకపోతే ఎవరో ఒకరు పట్టుకునేవారు. నాన్న నేర్పిన విద్య దానికి ఉపయోగపడింది.

నువ్వు గీసి వంచిన సంగతి నాకు తెలియదు. తెలిస్తే ముట్టుకునేదాన్ని కాదు. మీ ఆఫీసు వాళ్లే నిర్దయగా మన వసారా మీదికి వచ్చారనుకున్నాను. ఆ గూటాల వెనక అంతకుముందే మా అన్నయ్య చెయ్యి ఉందని నాకెలా తెలుస్తుంది?

ఇంకో మాట రాసి ఆపేస్తాను. మన దుకాణానికి వచ్చే వంకర చక్రాల్లో సగం ఈ మలుపువే. నలభై ఏళ్లు నేను వంచిన రోడ్డు సైకిళ్లని వంచింది, వాటిని నేను సరిచేశాను. వాళ్లు దండం పెట్టి వెళ్లారు. పాలవ్యాను అతని కూతురు చిన్న సైకిల్‌కి గాలి కొట్టించుకోవడానికి ఇప్పటికీ ఇక్కడికే వస్తుంది. మూడు లెక్కపెట్టే అలవాటు ఎందుకో ఇప్పుడు నీకు తెలిసింది కదా.

ఏం చెయ్యాలో నన్ను అడిగావు. నేను నిన్ను అడుగుతున్నాను.

పిడుగు

*

వెనక వాటా
ఆగస్టు 9

అమ్మలూ,

పిడుగు అని రాయబోతే చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. మీ వదిన వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. చెప్పబోయి ఏడ్చాను. ఆమె కళ్లజోడు తీసుకుని తనే చదువుకుంది. చదివి, "మీ ఇద్దరూ ఒక్క ఉత్తరం ముందు రాసుకుని ఉంటే" అని మాత్రం అంది. నిజమే. అంత ప్రేమ ఉండి, ఒకరికొకరం ఒక్క ముక్క చెప్పుకోలేదు.

పాత బోర్డు మంచం కింద నుంచి తీసి దుమ్ము దులిపి, నా మలుపు మళ్లీ గీశాను. దాని మీద నీ మూడు గూటాలూ పెట్టాను. నేనిచ్చిన మూడు వందల అడుగులు నీ చోటికి వచ్చేసరికి నూట నలభై దగ్గర పడింది. సగం కూడా లేదు. నా వంపు ఒక్కటే ఉంటే జనం బతికిపోయేవారు. నువ్వొక్కదానివే తిన్నటి గీతని అంత జరిపినా ఇంత బిగిసేది కాదు. ఇద్దరం కలిసే చేశాం. ఇందులో నీ వాటా ఇంత, నా వాటా ఇంత అని నేను కొలవను. కొలిచే చేతులు నావే అయినా కొలవను.

ఈ కవరులో రెండు పేజీలున్నాయి. ఆ అమ్మాయి పేరున రాశాను. మొదటి పేజీ "నేల మెత్తన" కథ, కింద నా సంతకం పెట్టేశాను. రెండో పేజీ గూటాల కథ. నువ్వు చెప్పినట్టే రాశాను, ఒక్క మాట కూడా కలపలేదు. కింద చోటు ఖాళీగా వదిలాను. నువ్వు సంతకం చెయ్యకపోతే మొదటి పేజీ ఒక్కటే పంపించు. వాళ్లకి రోడ్డు తప్పని చెప్పడానికి అది చాలుతుందేమో. చాలకపోవచ్చు కూడా. గూటాల సంగతి నువ్వు చెప్పమంటేనే బయటికి వస్తుంది.

ఒక్కటే గుర్తుపెట్టుకో. నాన్న ఆ వసారాలో ఇంకో పదహారేళ్లు పనిచేసుకున్నాడు. అవి నువ్విచ్చిన ఏళ్లు. అవి తప్పని నేను ఎవరి ముందూ అనలేను. కానీ ఆ పోస్టుమాన్‌కి మనం అబద్ధం బాకీ ఉండకూడదు.

అన్నయ్య

*

కొత్త దుకాణం, బస్‌స్టాపు ఎదురుగా
ఫిబ్రవరి 21

స్కేలుబద్ద అన్నయ్యకి,

ఫోన్లో విన్నదంతా మళ్లీ రాయమంటావు. ఫోన్లో "ఊ" అనడం తప్ప నీకేం రాదు, అందుకే రాస్తున్నాను.

విచారణ రోజున నీ పేజీ, నేను సంతకం పెట్టిన రెండో పేజీ మాత్రమే తీసుకెళ్లాలనుకున్నాను. బయల్దేరబోతూ గోడ వైపు చూశాను. నాన్న సుత్తితోనే మూడు గూటాలూ ఊడదీసి, పాత పేపర్లో చుట్టుకుని పట్టుకెళ్లాను. గదిలో ముగ్గురు ఆఫీసర్లు, ఒక పక్క కర్రల మీద పోస్టుమాన్, ఒక పక్క ఇంజనీరమ్మాయి. బల్ల మీద పెట్టి పేపరు విప్పాను. "ఇవేమిటమ్మా?" అన్నాడు మధ్యాయన. "ఇవి రోడ్డండీ. నా దగ్గర ఉండిపోయాయి" అన్నాను.

ఆ అమ్మాయి రుమాలుతో తుడిచి నంబర్లు చదివింది. నీలం కాగితంలో పద్నాలుగు, పదిహేను, పదహారు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించింది. అయిదడుగులు అక్కడే దొరికాయి. నేను చెబుతున్నంతసేపూ పోస్టుమాన్ నన్నే చూస్తున్నాడు. బయటికొచ్చాక తిడతాడేమో అనుకున్నాను. తిట్టాల్సిందే కదా. కర్రలు గోడకి ఆనించి నిలబడ్డాడు. తర్వాత "ఆ రోజు నన్ను మోసుకొచ్చింది మీరే, పడేసింది కూడా మీరేనా అక్కా" అన్నాడు. అవునన్నాను. "అతివేగం" మాట కొట్టేసి అతన్ని మళ్లీ పనిలోకి తీసుకున్నాక, రెండు నెలలు నా ఉత్తరాలు పక్కింట్లో ఇచ్చి వెళ్లేవాడు. మొన్న మెల్లగా తలుపు కొట్టి, నీది నా చేతికే ఇచ్చాడు. రెండు చేతులతో.

ఇక దుకాణం. పెంకులు దించిన రోజు బాగానే ఉన్నాను. గోడ మీద మన ఎత్తుల గీతలు కూలినప్పుడు మాత్రం టీకొట్టు ఆవిడ భుజం పట్టుకున్నాను. అన్నీ ఎత్తేశాక నేల ఒక్కటే మిగిలింది. నాన్న బల్ల కాళ్లు ఆనినచోట నాలుగు గుంటలు. ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి పదిహేనో నంబరు గూటం నా చేతిలో పెట్టింది. "మొదటి సర్వే ప్రకారం మధ్యగీత ఇక్కడ పోతుంది పిన్నిగారూ. మీరు పాతుతారా?" అంది. నాలుగు గుంటల మధ్య పాతాను. నాలుగు దెబ్బలకే దిగిపోతుందనుకున్నాను. పదకొండు పట్టింది. నేల ఎంత గట్టిదనుకున్నావు.

రోడ్డు వారం కిందట తెరిచారు. కొత్త దుకాణం ముందు నాన్న స్టూలు వేసుకుని పొద్దున్నుంచి కూర్చున్నాను. ఒక బస్సు, రెండు లారీలు, బడికి పోయే సైకిళ్ల గుంపు, పాలవ్యాను అతని కూతురు. తర్వాత పోస్టుమాన్, కాలు కాస్త ఈడుస్తూనే బండి ఎక్కుతున్నాడు. ఎవరూ బ్రేకు వెయ్యలేదు. నేను అలవాటుగా చెవి రిక్కించుకుని కూర్చున్నాను, లెక్క మొదలుపెట్టడానికి ఏ చప్పుడూ రాలేదు. సాయంత్రానికి గాని నాకు అర్థం కాలేదు, ఆ రోజంతా ఒక్కసారి కూడా ఒకటి అనలేదని. లోపలికొచ్చి ఏడ్చాను. హాయిగా ఏడ్చాను.

పద్నాలుగూ పదహారూ ఆఫీసు వాళ్లు ఫైలుతో పాటు ఉంచుకున్నారు. పదిహేనోది మాత్రం పని అయ్యాక ఆ అమ్మాయి తిరిగి ఇచ్చింది. కొత్త గోడకి కొట్టాను, నీ చొక్కా ఎత్తుకి.

వచ్చే నెల నువ్వూ వదినా వస్తామన్నారు. టికెట్టు ముందు స్టాపుకి తీసుకోకు, కండక్టరుని అడిగి కొత్త స్టాపు దాకా తీసుకో. కిటికీ దగ్గర కూర్చో. నాన్న బల్ల ఉన్నచోటు మీదుగానే బస్సు వస్తుంది, నీకు కుదుపు కూడా తెలియదు. స్టాపులో నేను నిలబడి ఉంటాను.

పిడుగు